కొండదారిలో కర్పూర హారతి

పోయిన నెల మా బావ చనిపోయాడు. మా ఆవిడకు స్వయానా అన్న. ఉద్దానంలో ఎన్నో ఇళ్లు ఎరిగిన కిడ్నీ జబ్బే. డయాలసిస్‌కు బయలుదేరదామని చొక్కా తొడుక్కుని, అలాగే మంచం మీద ఒరిగిపోయాడు. నిమ్మాడ పక్కన వాళ్ల ఊళ్లో ఆయన్ను డప్పులు లేకుండా సాగనంపాం. అదేం పద్ధతని బంధువులు నొచ్చుకున్నారు. నలుగురిలో మాట్లాడే అలవాటు నాకు లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

బావది పెళ్లిగుర్రం పని. టెక్కలి చుట్టుపక్కల చాలామంది పెళ్లికొడుకులు ఆయన తెల్ల గుర్రమెక్కి ఊరేగినవాళ్లే. తర్వాత పూల కార్లు వచ్చాయి. మందస అవతల కొండల్లో పర్యాటకుల కోసం క్యాంపు పెట్టినవాళ్లు ఆయన్ను గుర్రంతో సహా పనికి పిలిచారు. అక్కడ గుర్రాల మీద అడవిలోంచి కొండ ఎక్కుతారు. పైనుంచి జిప్‌లైన్ మీద, అంటే ఇనుప తీగకు వేలాడుతూ, లోయ దాటి వస్తారు. ఖాళీ గుర్రాలను బావ, ఇంకో ఇద్దరు నడిపించుకుని దిగుతారు.

తెల్లదానితో ఒక్కటే చిక్కు. దరువు వినబడితే దాని కాళ్లు ఆగవు, ఊరేగింపుల్లో నేర్చిన ఆట మరి. ఒకసారి మనిషిని మోస్తూనే ఆడేసరికి, ఇంకోసారి ఇలా జరిగితే దాన్ని కొండ మీద ఉంచనని మేనేజరు తేల్చి చెప్పాడు. పెళ్లిళ్లూ లేక, కొండా లేకపోతే దాన్ని అమ్ముకోవడమే. ఆ బెంగ బావకు జబ్బు కన్నా పెద్దది.

పోయిన చలికాలం మమ్మల్ని పిలిస్తే మా ఊరు సుమ్మాదేవి నుంచి ఇద్దరం వెళ్లాం. మా ఆవిడను తెల్లదాని మీద ఎక్కించి, కళ్లెం పట్టుకుని బావ ముందు నడిచాడు. నేను ఆయన పక్కనే నడిచాను. దారిలో వాగు దగ్గర గుర్రం వంగి నీళ్లు తాగింది. ఆయనకేమో డాక్టరు నీళ్లు కొలిచి తాగమన్నాడు. దాని మెడ నిమురుతూ, "నా వొంతు కూడా నువ్వే తాగీ" అన్నాడు.

వాగు దాటాక దారి ఇరుకైంది. ఒక పక్క లోయ. వెనక గుర్రం మీది కుర్రవాడు ఫోనులో పాట పెట్టాడు. తీన్మారు దరువు. తెల్లది చెవులు నిక్కించి, ముందుకాళ్లు ఎత్తెత్తి వేయసాగింది.

"అన్నియ్యా, ఇదేటి గెంతుతంది!"

"గెంతడం కాదే, ఆడతంది. జీను గట్టిగా అట్టుకో. బావా, నా జేబులో కర్పూరం ఉంది, ఎలిగించు!" అన్నాడు నాతో.

పలకలాంటి రాయి మీద వెలిగించి ఇచ్చాను. ఒక చేత్తో కళ్లెం పట్టుకుని, రెండో చేత్తో ఆ రాయిని గుర్రం ముఖం ముందు మూడుసార్లు తిప్పాడు. అది బొమ్మలా నిలబడిపోయింది. పెళ్లికొడుకు దిగేముందు విడిది గుమ్మంలో ఇచ్చే హారతి అది. హారతి చూసిందంటే పని అయిపోయిందని దాని లెక్క. జీను మీంచే మా ఆవిడ అలవాటు కొద్దీ హారతి కళ్లకద్దుకుంది.

"ఇక్కడ ఏ దేవుడండీ?" అన్నాడు వెనక కుర్రవాడు.

"అమ్మోరు బాబూ. ఫోను పాటలంటే ఆవిడికి గిట్టదు," అన్నాడు బావ.

అతను ఫోను ఆపి, గుర్రం మీదే బూట్లు కూడా విప్పాడు.

బావ గొంతు తగ్గించాడు. "పైన మేనేజరుకి సెప్పకు సెల్లీ."

"నా పేనం తీసి, మల్లీ సెప్పొద్దంటన్నావా?" అంది. కానీ పైన మేనేజరు అడిగితే, "కొత్త కోడల్లా నడిసింది బాబూ" అని చెప్పింది. బావ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

జబ్బు ముదిరాక తెల్లదాన్ని ఇంటికి తెప్పించుకున్నాడు. ఆయన పోయిన రోజు అది పెరట్లోనే కట్టి ఉంది. డప్పులవాళ్లు వస్తే మా ఆవిడే చేతులు జోడించి వెనక్కి పంపింది. "మా అన్న శవం ముందు అది ఆడితే నలుగురూ నవ్వుతారు. దానికేటి తెలుసు? దాన్ని నవ్వులపాలు సెయ్యొద్దు," అంది. జరిగింది అంతే. కర్మలయ్యాక అది మళ్లీ కొండకు వెళ్లింది.

బావను తలుచుకుంటే మంచం పట్టిన మనిషి గుర్తుకు రాడు. ఆ రోజు తీగ మీద లోయ దాటుతూ, భయంతో మూసుకున్న కళ్లు ఒకసారి తెరిచాను. చాలా కింద, చెట్ల సందున, బావ జీను విప్పి తన నెత్తిన పెట్టుకుని నడుస్తున్నాడు. కళ్లెం కూడా లేకుండా తెల్లది ఆయన వెనకే దిగుతోంది.