కోయకూడని కుర్చీ

2022 నవంబరు. విజయనగరంలో ఒక ప్రైవేటు లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగ్ కౌంటర్ మీద కూర్చోవడం నాకది పద్నాలుగో ఏడు. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. ముందు ఒక గది, వెనక రేకుల గొడౌను, పక్కన లారీ తిరగడానికి సరిపోయే ఖాళీ జాగా. గదిలో రెండు బల్లలు. నాది పార్ట్ లోడ్ బల్ల. అంటే పదిమంది చిల్లర సరుకు కలిపి ఒకే లారీలో పంపడం. రెండోది ఫుల్ లోడ్ బల్ల. ఫ్యాక్టరీలకి లారీ మొత్తం కుదిర్చి పెట్టడం దాని పని.

నాకు ఊళ్లో కొంచెం పేరుండేది. పెద్ద సామాను తక్కువలో పంపాలంటే ఆవిడ దగ్గరికెళ్లండి అనేవారు. స్కూళ్ల పీఈటీ మాస్టర్లు కబడ్డీ మ్యాట్లు, బాస్కెట్‌బాల్ స్తంభాలు, జిమ్ బెంచీలు తెచ్చేవారు. అలాంటి వాటికి బరువు కంటే ఆక్రమించే జాగా ఎక్కువ. అందుకని మా రంగంలో వాల్యూమెట్రిక్ వెయిట్ అనే లెక్క ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు హెచ్చవేసి, వచ్చినదాన్ని బరువు కింద మార్చి, ఆ బరువుకి రేటు కడతారు. దూది బస్తా అయినా ఇనుప బస్తా అంత రేటు పలుకుతుంది. నేను చేసేదల్లా సామాను విప్పించి, మడతపెట్టించి, ఒకదాంట్లో ఇంకోటి దూర్చి ఆ లెక్కను కిందికి దించడం. అందులో నాకు గర్వం కూడా ఉండేది.

ఒక గురువారం పొద్దున్న కొత్తవలస నుంచి ఒక ఆటో వచ్చి గేటు దగ్గర ఆగింది. వెనక తాళ్లతో కట్టిన ఇనుప చట్రం. ముందు సీట్లో ఒక అమ్మాయి, ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్లుంటాయి. దిగలేదు. ఆమె పక్కనుంచి దిగిన మనిషి యాభై దాటినవాడు, చేతుల మీద వెల్డింగు మచ్చలు.

"నా మేనకోడలండి, పైడమ్మ. నా పేరు అప్పలనాయుడు. ఈ కుర్సీ పుణె పంపాల," అన్నాడు.

అది కుర్చీలా లేదు. నాలుగు లావుపాటి కాళ్లు, వాటిమీద ఎత్తయిన పీట, కింద పాదాలకి ఒక పలక, ఎడమపక్క నిలువుగా ఒక ఇనుప గొట్టం. పైడమ్మ ఆటోలోంచే వివరం చెప్పింది. పదిహేడేళ్లప్పుడు సెంట్రింగు పనికి వెళ్లి కట్టడం మీంచి పడిందట. నడుం కింద స్పర్శ లేదు. ఇప్పుడు కూర్చుని షాట్‌పుట్ వేస్తుంది. ఆ పోటీలో ప్రతివాళ్లకీ త్రోయింగ్ చెయిర్ ఉంటుంది. ఆ గొట్టాన్ని ఒక చేత్తో పట్టుకుని, ఒళ్లంతా దానిమీద లాగి, రెండో చేత్తో గుండు విసరాలి.

"పోయిన్సారి అక్కడెవులిదో అడుక్కున్నానప్పా. పీట ఎడల్పు నాకు సాలక జారిపోనాను. రెండేతలు ఫౌలయిపోనాయి. అందుకే మావ నా కొలతకి దీన్ని సేసాడు," అంది. ఏత అంటే విసరడం, పోటీలో ఒక్కొక్కరికి ఆరు. అప్ప అంటే మా వైపు అక్క. మొదటిసారి చూసిన మనిషిని కూడా ఆ అమ్మాయి అలాగే పిలుస్తుంది.

వచ్చే వారం కాక పైవారం గురువారం పోటీ. బుధవారం కుర్చీ అధికారులకి చూపించాలి. రైల్లో తమతో తీసుకెళ్దామని ముందే అడిగారట. సామాన్లు పెట్టే బ్రేక్ వ్యాను పెట్టెలో వేయొచ్చు గానీ, బండి ఇక్కడ ఆగేది కొద్ది నిమిషాలు. ఆ కాసేపట్లో ఒక చివర ఈ అమ్మాయిని ఎత్తి ఎక్కించి, ఇంకో చివర కుర్చీ ఎక్కించడం అప్పలనాయుడు ఒక్కడివల్ల అయ్యే పని కాదు. జాగా లేకపోతే కుర్చీ తర్వాతి బండికి వస్తుందని పార్సిల్ గుమాస్తా ఉన్నమాట చెప్పాడు.

నేను టేపు తీశాను. తూకంలో ముప్ఫై నాలుగు కిలోలు. వాల్యూమెట్రిక్ లెక్కలో నూట డెబ్భై దాటింది. కొరియర్ రేటు చెప్పగానే అప్పలనాయుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. మా లారీ రేటు అంతకంటే తక్కువే, అయినా వాళ్లకి బరువే.

కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగాను. నాకు దారి దొరకడానికి రెండు నిమిషాలు పట్టలేదు.

"నాలుగు కాళ్లూ పీట కింద కోసేసి బోల్టులు పెట్టండి. ఆ గొట్టం కూడా అంతే. మొత్తం ఒక కట్ట అయిపోతుంది. ముప్ఫై నాలుగు కిలోలకే బుక్ చేసేస్తాను. అక్కడికెళ్లి బిగించుకోవచ్చు."

అప్పలనాయుడు నీళ్లు నమిలాడు. "కోత్తే ఊగుతాదేమోనండి..."

"గట్టి బోల్టులు వేస్తే ఎందుకు ఊగుతుంది?"

పైడమ్మ ఆటోలో అటు తిరిగి, ఆ గొట్టాన్ని ఒకసారి పట్టుకుని వదిలింది. తర్వాత, "రేటు తగ్గుతాది కదా మావా. కోసీ," అంది.

ఆటో వెళ్లిపోయాక ఇంకో బుకింగు రాశాను. ఇంకోటి రాశాను. కానీ పని మీద మనసు నిలవలేదు. ఆ అమ్మాయి గొట్టాన్ని పట్టుకుని వదలడం కళ్లముందు తిరుగుతూనే ఉంది. శుక్రవారం ఫోన్ చేద్దామనుకుని నంబరు తీసి మానేశాను. ఏమని చెప్పను? కోయమన్నది నేనే. కోయొద్దంటే మరి రేటు మాటేమిటి? శనివారం టీకి వెళ్లి, టీ తాగకుండానే తిరిగొచ్చానని తర్వాత మా వాచ్‌మన్ చెప్పి నవ్వాడు.

సోమవారం వాళ్లు వచ్చారు. గోనెపట్టాలో చుట్టిన కట్ట, ఒక సంచిలో బోల్టులు. నేను బిల్లు పుస్తకం తీస్తుంటే పైడమ్మ ఆపింది.

"ఒక్కపాలి బిగించి సూద్దామప్పా. నాను దీన్లో ఇంకా కూకోనేదు."

ఖాళీ జాగాలో అప్పలనాయుడు స్పానరుతో బిగించాడు. కాళ్లకి తాళ్లు కట్టి, నేలలో మేకులు దిగగొట్టాడు. అమ్మాయిని ఎత్తి కూర్చోబెట్టి నడుముకి పట్టీ వేశాడు. గుండు చేతికిచ్చాడు. పైడమ్మ ఎడమచేత్తో గొట్టాన్ని పట్టుకుని, వెనక్కి వాలి, ఒక్కసారి ముందుకొచ్చి విసిరింది.

గుండు పడిన చప్పుడు కంటే ముందు గొట్టం మొదట్లో టక్కుమని ఒక చిన్న చప్పుడు నాకు వినబడింది.

అప్పలనాయుడు మళ్లీ బిగించాడు. మళ్లీ విసిరింది. మళ్లీ అదే చప్పుడు. మూడోసారి విసరలేదు. గుండు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.

"కదిలితే వాళ్లు ఒప్పుకోరప్పా. రూలది. వాళ్లు ఒప్పుకున్నా, నా సెయ్యి ఒప్పుకోదు. ఇదే నాకు కాళ్లు. కాళ్లూగుతుంటే ఎవులు మాత్రం ఏటి సేత్తారు?"

"నేనే చెప్పాను కోయమని," అన్నాను.

"నువ్వు మంచికే సెప్పావు," అంది. తిట్టినా బాగుండేది.

కట్ట వెనక్కి కొత్తవలస వెళ్లింది. మంగళవారం మళ్లీ వెల్డింగు, బుధవారం అమ్మాయి దానిమీద సాధన. గురువారం కుర్చీ మళ్లీ నా గేటు దగ్గరికొచ్చింది, ఎప్పటిలాగా నాలుగు కాళ్ల మీద. అప్పటికి సరిగ్గా వారం మిగిలింది. పార్ట్ లోడ్ సరుకు హైదరాబాద్ గొడౌనులో దిగి, ఇంకో లారీ ఎక్కి, పుణె చేరేసరికి ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది. నా వల్ల పోయిన వారమే వాళ్లకి ఉండాల్సిన వారం.

"కుర్చీ ఇక్కడ పెట్టేసి వెళ్లండి. సాయంత్రంలోగా చెప్తాను," అన్నాను. నమ్మకంతో అనలేదు. వాళ్లను ఎదురుగా చూస్తూ కూర్చోలేక అన్నాను.

మధ్యాహ్నం అంతా ఫోన్లే. శృంగవరపుకోట నుంచి చింతపండు లారీ ఉందన్నారు, అది రాయపూర్ వైపు. జీడిపప్పు లారీ ఉందన్నారు, పై రేకు దాకా అట్టపెట్టెలే. కూర్చోలేక గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను. పక్క బల్ల మీద ఫుల్ లోడ్ చూసే ఆయన విసుక్కుని, "కూర్చోండి మేడమ్, నాకు తల తిరుగుతోంది. గరివిడి లోడుకి లారీ కుదర్చాలి, మాట వినబడ్డం లేదు," అన్నాడు.

"గరివిడి నుంచి ఎక్కడికి?"

"పుణె పక్కన ఫౌండ్రీకి. ఫెర్రో అల్లాయ్."

ఫెర్రో అల్లాయ్ అంటే ఉక్కులో కలిపే లోహం. చిన్న బస్తా కూడా ఇద్దరు పట్టాలి. ఆ బస్తాలు లారీలో రెండు వరసలు పేర్చేసరికే బరువు పరిమితికి చేరిపోతుంది. ఆపైన పట్టా కింద మనిషెత్తు జాగా ఖాళీగా వెళ్తుంది. బరువుతో నిండిన లారీకి జాగా మిగులుతుంది. నా కుర్చీకి కావలసింది బరువు కాదు, జాగా. పద్నాలుగేళ్లుగా ఈ రెండు బల్లలూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకసారైనా అటు తొంగిచూడలేదు.

శనివారం పొద్దున్న నేనే కుర్చీతో గరివిడి వెళ్లాను. లోడింగు సూపర్‌వైజరు ఒప్పుకోలేదు. ఇనుప కాలు గుచ్చుకుని బస్తా చిరిగితే ఎవరిది బాధ్యత అన్నాడు. నాది అని కాగితం మీద సంతకం చేశాను. కాళ్లకి పాత టైరు ముక్కలు కట్టించాను. లారీ డ్రైవరు పేరు సింహాచలం, ఊరు చీపురుపల్లి. కుర్చీని ఎగాదిగా చూసి, "ఏటిది మేడమ్, మంగలి కుర్సీయా?" అన్నాడు. సంగతి చెప్పాక తాడు తనే కట్టాడు. మేం కట్టిన ముడులు విప్పేసి మరీ కట్టాడు. మా ఆఫీసు పేరున చిన్న బిల్లు రాశాను. కొరియర్ అడిగినదాంట్లో పదోవంతు కూడా కాలేదు.

ఆదివారం రాత్రి బండికి పైడమ్మ, అప్పలనాయుడు బయల్దేరారు. ఆ మూడు రోజులూ నాకు ఒకచోట కాలు నిలవలేదు. రెండు గంటలకోసారి సింహాచలానికి ఫోన్. "ఎల్తన్నాను మేడమ్, లారీకి రెక్కల్లేవు," అనేవాడు. తర్వాత తర్వాత ఎత్తడం మానేశాడు.

సోమవారం మధ్యాహ్నం అతనే చేశాడు. దారిలో ట్యాక్స్ ఆఫీసర్లు తనిఖీకి లారీ ఆపారట. బస్తాలకి కాగితాలన్నీ ఉన్నాయి. కుర్చీకి మా బిల్లు తప్ప ఇంకేమీ లేదు. సొంత సామాను, అమ్మకానికి కాదు అని సరుకు గలవాళ్లు రాసిచ్చే డిక్లరేషన్ పక్కన ఉండాలి. మా రంగంలో కొత్తగా చేరినవాళ్లక్కూడా తెలిసిన కాగితం అది. కంగారులో నేను రాయించలేదు.

"ఇదేటి మెషీనని అడుగుతన్నారు మేడమ్. మాట్లాడండి."

అవతలి ఆఫీసరు హిందీలో మాట్లాడాడు. మర్యాదగానే అడిగాడు. నా హిందీ కౌంటరు దాటి ఎప్పుడూ వెళ్లలేదు. "కుర్సీ హై సర్, లడ్కీ బైఠ్‌తీ హై, ఫేంక్‌తీ హై," అన్నాను. అమ్మాయి కూర్చుంటుంది, విసురుతుంది అన్నానే గానీ ఏం విసురుతుందో హిందీలో రాలేదు. రైల్లో ఉన్న పైడమ్మకి ఫోన్ చేస్తే సిగ్నల్ అందీ అందక తెగిపోతోంది. నాలుగోసారికి దొరికింది. డిక్లరేషన్ తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఫొటో తీసి పంపమన్నాను. ఆ అమ్మాయి దాంతో పాటు ఇంకో ఫొటో కూడా పంపింది. కొత్తవలసలో వెల్డింగు షెడ్డు ముందు, ఆ కుర్చీలో కూర్చుని, గొట్టం పట్టుకుని, గుండు చెంప దగ్గర పెట్టుకున్న ఫొటో.

రెండూ సింహాచలం ఫోనుకి పంపాను. పావుగంట తర్వాత అతను చేశాడు.

"వదిలేసారు మేడమ్. ఫొటో సూసి ఆయన తాడు గట్టిగా కట్టావా అని అడిగాడు."

బుధవారం తెల్లారాక లారీ ఫౌండ్రీ గేటు చేరింది. అప్పలనాయుడు అప్పటికే ట్రాలీ ఆటోతో అక్కడ నిలబడి ఉన్నాడు. పదిన్నరకి కుర్చీ స్టేడియంలో ఉందని, పదకొండుకి అధికారులు గొట్టాన్ని పట్టుకుని ఊపి చూశారని, కదల్లేదని వరసగా మూడు ఫోన్లు. మూడోది విన్నాక కుర్చీలో కూర్చుని గ్లాసుడు నీళ్లు తాగాను.

గురువారం సాయంత్రం నాలుగింటికి పైడమ్మ చేసింది. నేను తొందరపడి, "మెడల్ వచ్చిందా?" అన్నాను.

"నేదప్పా. ఐదోదాన్ని."

ఓదార్చబోయాను. ఆ అమ్మాయే అందుకుంది.

"ఆరేతలూ లెక్కలోకొచ్చాయి. ఒక్క ఫౌలు నేదు. ఆరోది ఇంతవరకు నానెప్పుడూ ఎయ్యనంత దూరం పడినాది. మావ ఏడుత్తన్నాడు, ఆగు, ఇత్తాను."

అప్పలనాయుడు ఫోన్ తీసుకుని, "ఊగనేదండి," అన్నాడు. వెనక మైకులో ఎవరిదో పేరు పిలుస్తున్నారు. లైను పెట్టేయకుండా అది పూర్తిగా విన్నాను.

సామాను చిన్నది చేయడమే నా పని అనుకున్నాను అన్నాళ్లూ. ఎంత చిన్నదైతే అంత చవక అనే తప్ప, ఎక్కడ కోస్తే అది పనికిరాకుండా పోతుందో సామాను గలవాళ్లను అడగలేదు. అప్పలనాయుడు ఆ మొదటిరోజే చెప్పబోయాడు. నేను మధ్యలో అందుకున్నాను. ఆ అందుకోవడం వల్ల వాళ్లకి ఒక వారం పోయింది. ఇంకొక్క రోజు పోతే పోటీయే పోయేది.

ఇప్పుడు పెద్ద సామానుతో ఎవరొచ్చినా ముందు ఒక ప్రశ్న అడుగుతాను: "దీంతో మీరేం చేస్తారో చెప్పండి." చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ తర్వాత చెప్పడం మొదలుపెడితే ఆపరు. వెనక వరస పెరుగుతుంది, మా ఓనరు గుమ్మంలోంచి గుడ్లురుముతాడు. వాళ్లు పూర్తిగా చెప్పేదాకా వింటాను.