రామప్ప వ్యానులో పవళింపు సేవ

పెనుకొండలో మనిషికి మనిషి ఎదురైతే "తింటివా?" అని అడుగుతారు. స్కూలు వ్యాను తోలే రామప్ప మాత్రం "పండుకొంటివా?" అని అడుగుతాడు.

పాలు పోసే ఓబులమ్మను అడుగుతాడు. గుడి తలుపు తీస్తున్న పూజారిని అడుగుతాడు. ఒకసారి హైవే మీద బండ్లు ఆపుతున్న ఎస్సైగారు లైసెన్సు చూపించమంటే, చూపించి, ఆయన ముఖంలోకి వంగి చూసి, "కండ్లు ఎర్రగుండాయే సార్, రాత్రి పండుకొంటిరా?" అన్నాడట. ఎస్సైగారు కోప్పడబోయి ఆవులించారట. వెనకున్న ఇద్దరు కానిస్టేబుళ్ళూ ఆవులించారు. ముగ్గురి నోళ్ళూ మూతపడేలోగా రామప్ప బండి మలుపు తిరిగింది.

వ్యానులో అద్దం పైన రంగనాథస్వామి పటం పెట్టుకున్నాడు.

"బండికి ఆంజనేయున్ని పెట్టుకోవాల గానీ, పండుకొన్న దేవున్ని పెట్టుకుంటారా ఏమప్పా?" అని ఎవరైనా అంటే, "మా సామి పండుకొనే లోకాన్నంతా తోలుతాండాడు. మేలుకోనుండే మనం ఒక్క బండి సరిగ్గా తోల్లేం" అని దండం పెట్టుకునేవాడు.

ఆ బండి హారన్ కూడా ఎవరికీ వినిపించదు. పొద్దున పిల్లలు కునికే వేళ దారికి గొర్రెల మంద అడ్డమొస్తే రామప్ప దిగి, చేతులు చాపి, "జరగండమ్మా, జరగండి, పిల్లోళ్ళు పండుకొన్యారు" అని గొర్రెలకు గుసగుసగా చెప్పేవాడు.

"ఏమప్పా, బండికి హారన్ లేదా?" అని కాపరి అరిస్తే, "ఉండాది. అదీ పండుకొనింది, మెల్లిగా మాట్లాడు" అనేవాడు.

ఇక రాత్రి ఎనిమిదిన్నర అయిందంటే, వ్యానెక్కే పద్దెనిమిది మంది పిల్లల ఇండ్లకూ పద్దెనిమిది మిస్డ్ కాల్‌లు పోయేవి. ఒక్క రింగు వచ్చిందంటే పిల్లల గదిలో లైటు ఆర్పమని. "గుళ్ళో దేవునికే టైముకు పవళింపు సేవ చేసి తలుపు మూస్తారు. మీ పిల్లోళ్ళు దేవునికన్నా పెద్దోళ్ళా?" అన్నది రామప్ప వాదం. రామప్ప ఇల్లు కోట గుట్ట వాలులో ఉంది. మిద్దె ఎక్కితే బజారంతా కనిపిస్తుంది. లైటు ఆరని ఇంట్లో ఫోను ఈసారి ఆగకుండా మోగేది.

ఆ ఫోను వల్ల అందరికన్నా ఎక్కువ తల వంచుకున్నది బట్టల షాపు కృష్ణకాంత్ భార్య పూర్ణిమ. ఒకనాడు హిందూపురం నుంచి ఆమె పుట్టింటివాళ్ళు వచ్చి భోజనాలకు కూర్చున్నారు. ఫోను మోగింది. ఐదో క్లాసు చదివే కూతురు నిఖిత ఎత్తి స్పీకర్లో పెట్టింది.

"తల్లీ, మీ ఇంట్లో లైటింకా వెలుగుతాండాది. పాప పండుకోలేదా?"

పూర్ణిమ పెద్దమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఎవరే ఆయన?"

"వ్యాను డ్రైవరు."

"వ్యాను డ్రైవరుకు మీ ఇంట్లో లైటుతో ఏం పని?"

పూర్ణిమ ఫోను లాక్కొని ఆపేసింది. సిగ్గుతో చారు వడ్డించడం కూడా మరిచిపోయింది. మరునాడు వ్యాను రాగానే వాకిట్లోనే నిలేసింది.

"చూడు రామప్పా, బండి తోలేది నీ పని. పాప చదువు, నిద్రా మా పని. నీ పని నువ్వు చూసుకో. ఇంకోసారి ఫోను చేస్తే బాగుండదు."

"పాప బడిలో కునుకుతాండాదని..."

"నీ పని నువ్వు చూసుకో అంటి కదా!"

"అట్లే అమ్మా. నా పనే చూసుకుంటా," అన్నాడు రామప్ప. ఆ రాత్రి నుంచి మిస్డ్ కాల్‌లు పదిహేడయ్యాయి.

పూర్ణిమకు ధర్మవరంలో ఒక అక్క ఉంది. ఆ అక్కకు ప్రణీత్ అని కొడుకు, ఆ కొడుక్కు ప్రతి ఏడూ ఫస్టు ర్యాంకు. ప్రణీత్ రాత్రి పదింటి దాకా చదువుతాడని అక్క చెబితే, పూర్ణిమ నిఖితకు పదకొండు పెట్టింది. ప్రణీత్ ఐదింటికే లేస్తాడని చెబితే, నాలుగున్నరకే లేపి దీపం ముందు దండం పెట్టించి ఎక్కాల పుస్తకం చేతికిచ్చేది. వ్యాను వచ్చే ఎనిమిదింబావు దాకా ఒక్క నిమిషం వృథా కాలేదు.

అట్లాంటిది, ఆగస్టు నెలలో వ్యాను ఉన్నట్టుండి ఏడింటికే రావడం మొదలుపెట్టింది. బడి వాళ్ళింటికి కిలోమీటరు. అన్ని ఊళ్ళూ తిరిగాక ఆఖర్న ఎక్కాల్సిన పిల్లను అందరికన్నా ముందే ఎక్కించుకొని, గుట్టూరు దాకా పోయి, తిరిగి తెచ్చి బళ్ళో దించుతున్నాడు రామప్ప.

"బడి ఈడుంటే పాపను యాడికి తీసుకపోతాండావు?" అని అడిగింది పూర్ణిమ.

"ఆ పక్క గాలి మంచిదమ్మా."

ఇంకోరోజు అడిగితే, "రూటు మార్చినారమ్మా" అన్నాడు. ఎవరు మార్చారో చెప్పలేదు. నాలుగు నెలలు పళ్ళ బిగువున ఓర్చుకొని, పేరెంట్స్ మీటింగులో పూర్ణిమ లేచి నిలబడింది. భర్త కృష్ణకాంత్ "కూర్చోవే" అంటున్నా వినలేదు.

"మేడం, రోజుకు గంటంబావు మా పాప చదువు ఈ వ్యానులో పోతాండాది. రాత్రి పదకొండు దాకా, తెల్లార్తో నాలుగున్నర నుంచి నేను పక్కన కూర్చొని చదివిస్తే మొన్న పరీక్షల్లో సెకండ్ ర్యాంకు వచ్చింది. ఆ గంటంబావు కూడా ఉంటే ఫస్టే వచ్చుండేది. ఈ డ్రైవర్ని మార్చండి. లేదంటే మేమే బడి మారుస్తాం."

పెద్ద మేడం వాణి, తలుపు దగ్గర నిలబడ్డ రామప్పను పిలిచింది. "నిజమేనా?"

"నిజమే మేడం."

"ఎందుకట్లా?"

రామప్ప ఒక్కసారి పూర్ణిమ వైపు చూసి తల దించుకున్నాడు. "రూటు మరిచిపోయినా మేడం."

"ఇరవై రెండేండ్లుగా తోలే రూటా?"

"వయసైపోయింది కదా మేడం."

హాలంతా నవ్వింది. పూర్ణిమ కూడా నవ్వింది. వాణి మేడం మాత్రం నవ్వలేదు. "పిల్లల బండి అప్పా ఇది. రూటు మరిచిపోయే మనిషి చేతికి ఎట్లా ఇచ్చేది? సోమవారం నుంచి ఇంకొకర్ని చూసుకుంటాం."

రామప్ప జేబులోంచి తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. "అట్లే మేడం. వచ్చే ఆయనకు ఒక్క మాట చెప్పండి. గుట్టూరు మలుపు కాడ హారన్ కొట్టొద్దని. ఆడికొచ్చేసరికి మంచి నిద్రలో ఉంటారు."

అప్పుడు పిల్లల వరసలోంచి ఏడుపు గొంతు వచ్చింది. "తాతా! మరి నా దిండు?"

నిఖిత.

"ఏం దిండే?" అంది పూర్ణిమ.

నిఖిత తల్లి చెయ్యి పట్టుకొని బయట నిలబెట్టిన వ్యాను దగ్గరకు లాక్కుపోయింది. వెనకే అందరూ. చివరి సీటు మీద మడత పెట్టిన చిన్న బొంత. కిటికీకి ఎండ పడకుండా పాత పంచె గుడ్డ. బొంత మీద చిన్న దిండు, దానికి నీలం పూల గలేబు.

ఆ నీలం పూల గుడ్డను పూర్ణిమ గుర్తుపట్టింది. రామప్ప భార్య చౌడక్క తమ షాపులోనే కొనింది. తానులన్నీ విప్పించి, ఒక్కొక్క గుడ్డనూ బుగ్గకు ఆనించి చూస్తుంటే, "ఏమమ్మా, కట్టుకునేదానికా, కండ్లకద్దుకునేదానికా? మాసిపోతాది, పెట్టు ఆడ" అని కసిరింది తనే. చౌడక్క నవ్వి, "మెత్తగుండాల్నమ్మా, పసిబిడ్డకు" అంది. పసిబిడ్డ ఎవరని తను అడగలేదు.

"ఎక్కంగానే పండుకుంటానమ్మా," అంటోంది నిఖిత. "బడి కాడ తాత లేపి ముఖానికి నీళ్ళిస్తాడు. నీకు చెప్తే వ్యానులో కూడా ఎక్కాలు చదవమంటావని చెప్పలేదు."

అది నిజం. చెబితే తను అదే అనేది.

వాణి మేడం మెల్లిగా అంది. "జూన్, జూలైలో పాప రెండో పీరియడ్‌కే బల్ల మీద తల వాల్చేది. ఆగస్టు నుంచి చురుగ్గా కూర్చుంటాండాది. మీరే ఇంట్లో నిద్ర సరిచేసినారేమో అనుకున్నా."

నీ పని నువ్వు చూసుకో అని తనే అంది. రామప్ప తన పనే చూసుకున్నాడు. బండి తోలాడు, అంతే. అంతమంది పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు చుట్టూ నిలబడి ఉంటే, ఆ వ్యాను కిందికి దూరి దాక్కుంటే బాగుండుననిపించింది పూర్ణిమకు.

"లోపల ఈ మాట చెప్పొచ్చు కదా... రామప్పన్నా?" అంది. ఇన్నేళ్ళలో ఆమె నోట 'అన్నా' రావడం అదే మొదలు.

"పదిమందిలో మీకు చిన్నతనం కదమ్మా." రామప్ప టవలుతో సీటు దులిపాడు. "మీరు చదివిచ్చేది తప్పని కాదు. దోసె పిండి రుబ్బి పెడతాం. రాత్రంతా కదలకుండా ఉంటేనే కదా పొంగేది? పొంగెనా, పొంగెనా అని గంటగంటకూ మూత తీసి కలబెడితే దోసె వస్తాదా తల్లీ? చదువూ అంతే. రుబ్బినంక రోజూ ఒకే టైముకు మూత పెట్టాల."

పూర్ణిమ తల ఎత్తకుండానే వాణి మేడం వైపు తిరిగింది. "మేడం, నా కంప్లయింటు వాపసు తీసుకుంటాండా."

"ఏమని రాసుకోవాలమ్మా?"

"తల్లికే రూటు తెలీదని రాసుకోండి."

మేడం బల్ల మీది తాళాలు తెప్పించి రామప్ప చేతిలో పెట్టింది.

ఇంటికి పోగానే పూర్ణిమ ధర్మవరానికి ఫోను చేసింది. "అక్కా, నిజం చెప్పు. ప్రణీత్ ఎన్నింటికి పండుకుంటాడు?"

అక్క గొంతు తగ్గించింది. "తొమ్మిదికే పడిపోతాడే. లేపినా లేయడు. పదిమందికి చెప్పుకోనీకి పదీ అంటాను గానీ... ఏమే, నువ్వు నమ్మేస్తివా?"

ఆ రాత్రి ఎనిమిదిన్నరకు నిఖిత గదిలో లైటు ఆరింది. తను వద్దన్న మిస్డ్ కాల్ ఎట్లాగూ రాదు. పూర్ణిమ మిద్దె ఎక్కి గుట్ట వైపు చూసింది. వాలులో రామప్ప ఇంట్లో లైటు వెలుగుతోంది. ఆయన నంబరుకు ఒక్క రింగు ఇచ్చి ఆపేసింది. కాసేపు చూసింది. లైటు ఆరలేదు. ఈసారి ఆగకుండా మోగించింది.

"ఏమమ్మా, పాపకు ఒంట్లో బాగలేదా?" రామప్ప గొంతులో కంగారు.

"పాప ఎప్పుడో పండుకొనింది. మీ ఇంట్లో లైటే ఇంకా వెలుగుతాండాది రామప్పన్నా. మీరేం, దేవునికన్నా పెద్దోళ్ళా?"

ఫోనులో చౌడక్క పకపకా నవ్వడం వినిపించింది. గుట్ట వాలులో లైటు ఆరిపోయింది.