గని మూసిన ఏడాది అమ్మ కుట్టు

మా ఇంట్లో ఎవరూ గనిలో పనిచేయలేదు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. కోలారు బంగారు గనుల దగ్గర కోరమండల్‌లో, గని కార్మికుల లైన్ల ఇళ్ల వెనక ఒక అద్దెగదిలో అమ్మ కుట్టుమిషను తొక్కి నన్ను పెంచింది. ప్రభుత్వం గనిని మూసేస్తుందని ఊరంతా ఏడుస్తుంటే, మనకేం కాదులే అనుకున్నాను. అప్పుడు నాకు పదకొండేళ్లు.

క్రిస్మస్‌కు రెండు నెలల ముందునుంచే మా గది కార్మికుల పిల్లల గౌను గుడ్డలతో నిండిపోయేది. మంచం మీద చోటు లేక నేను కింద చాపేసుకుని పడుకునేదాన్ని. గని మూసిన ఏడాది మూడే గౌన్లు వచ్చాయి. మరుసటి ఏడాది ఒకటి, అదీ పాతదాని పొడవు పెంచడానికి.

అమ్మ తప్పును తనలోనే వెతుక్కుంది. "నా చెయ్యి యాడో తప్పుతా ఉండాది పాపా. కాలరు సరిగ్గా కూర్చోలేదేమో" అనేది. పాత చీర ముక్కలతో కాలర్లు కుట్టేది, విప్పేది, మళ్లీ కుట్టేది. కళ్లవెంట నీళ్లు కారుతున్నా ఆపేది కాదు.

ఒకరోజు నా చిరిగిన బూట్లు చూసి బడిలో అందరూ నవ్వారు. ఆ కోపంతో ఇంటికొచ్చి, "నీకు కుట్టేది రాదు. దానికే ఎవురూ రాలేదు" అన్నాను.

అమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. "అవును పాపా" అంది. అంతే.

ఆ నెలలోనే మిషను అమ్మేసింది. రోజూ బెంగళూరు రైలెక్కి బట్టల ఫ్యాక్టరీకి వెళ్లేది. అక్కడ మిషను దగ్గర కూర్చోమంటే తనకు కుట్టేది రాదని చెప్పిందట. మిగిలిన దారాలు కత్తిరించే పని అడిగి తీసుకుంది. దానికి జీతం తక్కువ.

ఆ జీతంతోనే నేను ఎకనామిక్స్ ఎమ్మే చదివాను. ఒకరోజు క్లాసులో ప్రభుత్వ ఖర్చు గురించి పాఠం. ప్రభుత్వమిచ్చిన జీతం కార్మికుడి దగ్గరే ఆగదు. అంగడికి, దర్జీకి, అక్కణ్నుంచి ఇంకొకరికి పోతుంది. చేతులు మారినప్పుడల్లా కొంత పన్నుగా ప్రభుత్వానికే తిరిగొస్తుంది. ఖర్చు ఆగితే ఆ వరసంతా ఆగిపోతుంది. మా గని మూసేటప్పుడు ప్రభుత్వం వాళ్లు దాని నష్టాలను పన్నులతో, అప్పులతో ఇక మోయలేమన్నారు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ లెక్కలో కార్మికులున్నారు గాని, వాళ్ల పిల్లలకు గౌన్లు కుట్టే మనిషి లేదు. నోట్సు రాయలేక బయటికొచ్చేశాను.

అమ్మకు వెంటనే చెప్పాల్సింది. చెప్పాలంటే నేనన్న మాట మళ్లీ ఎత్తాలి. సిగ్గుతో ఏళ్లకేళ్లు దాటేశాను. పోయిన ఏడాది కోలారు ఆసుపత్రిలో, కిడ్నీలు చెడి అమ్మ మంచం పట్టినప్పుడు చెప్పాను.

"నీ కుట్టులో తప్పు లేదమ్మా. జీతాలు నిలిచిపోయి వాళ్లు రాలేదు. నేనే తెలీక అన్నాను."

అమ్మ అడిగింది: "అట్లయితే వాళ్లకి నా గౌన్లు నచ్చినాయా?"

"నచ్చినాయమ్మా."

"ముందే తెలిసింటే మిషను అమ్మేదాన్ని కాదు గదా పాపా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. నాలుగు రోజులకు అమ్మ పోయింది.

ఇప్పుడు అదే పాఠం నేను కాలేజీలో చెబుతున్నాను. పుస్తకంలో దర్జీ ఉదాహరణ ఉంది. నేను మాత్రం టీ అంగడి గురించి చెబుతాను.