మిరప చేతులు, కొబ్బరినూనె

బుజ్జీ, నిన్న ఫోనులో అడిగావు కదా, "అమ్మమ్మా, కాన్పుకు ముందు నూనెతో మర్దన చేసుకోమంటోంది మా డాక్టరు, మీ రోజుల్లో ఇవన్నీ ఉండేవా" అని. ఉండేవి తల్లీ. ఉండబట్టే మీ అమ్మ పుట్టకముందే నేను ఊరంతటినీ హడలగొట్టి, మిరపకాయల ట్రాక్టరెక్కి ఊరేగాను. చిన్నోడా, అక్క పక్కన కూర్చున్నవాడివి, నువ్వు సిగ్గుపడి లేచిపోకు. రేపు నీకూ పెళ్లవుతుంది, వినే ఉంచు.

ఎనభైల్లో సంగతి. తొలికాన్పుకు కారంపూడి పక్కన మా పుట్టింటికి వచ్చాను. తొమ్మిదో నెల పడగానే ఆసుపత్రిలో నర్సమ్మ నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించింది.

"గోళ్లు కత్తిరించుకో. రోజూ చేతులు శుభ్రంగా కడుక్కొని, వేళ్లకు కొబ్బరినూనె రాసుకో. బిడ్డ బయటికొచ్చే దారి దగ్గర కిందికీ పక్కలకీ మెల్లగా సాగదీస్తా రుద్దు. కండ మెత్తబడితే చీలేదీ తక్కువ, కుట్లు పడేదీ తక్కువ. అర్థమైందా?"

గంగిరెద్దులా తలూపాను. సిగ్గుతో సగం వినలేదు. ఆ విన్న సగంలో చేతులు కడుక్కోవడం మాత్రం ఉంది, అది గుర్తుపెట్టుకోండి.

మర్నాడు మా కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. నిండు మనిషినని నాకెవరూ పని చెప్పలేదు. కూర్చుని కూర్చుని విసుగొచ్చి, నీడలో చేరి కాయలకు తొడిమలు తీశాను. పల్నాటి ఆడపిల్ల చేతులకు కారమంటే ఏం తెలుస్తుంది? ఊహ తెలిసినప్పటి నుంచీ చెలిమే కదా. తర్వాత స్నానం చేశాను. చేతులు కడిగాను. గది గడియ పెట్టి, నూనె సీసా మూత తీసి, నర్సమ్మ చెప్పినట్టే మొదలుపెట్టాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం లోకరీతి. నా చేతులు చల్లగానే ఉన్నాయి. కాలింది వేరేచోట.

నేను పెట్టిన కేకకు దొడ్లో బర్రె తాడు తెంపుకుంది. అమ్మ వచ్చి తలుపు బాదింది.

"ఏమైందే?"

"తట్టుకోలేకపోతన్నానమ్మా."

"ఎక్కడే?"

ఎక్కడని చెప్పను? అమ్మ వెనకాలే నాన్న ఉన్నాడు.

"కింద."

"నొప్పులేనయ్యో, బండి చూడండి" అంది అమ్మ.

వాకిట్లో ఉన్న బండి ఒక్కటే, గుంటూరు యార్డుకు మిరపకాయల టిక్కీలు, అదే గోతాం మూటలు, నింపిన ట్రాక్టరు. "మూటలు దించే టైం ఏడుంది, పైనే పరుపెయ్యండి" అన్నాడు నాన్న. మండే కొంప మీద ఎండుగడ్డి కప్పినట్టు నన్ను ఆ టిక్కీల మీద కూర్చోబెట్టారు. ఆఖర్న నాయనమ్మ పెరుగు గిన్నె ఒకటి కొంగు చాటున పెట్టుకుని ఎక్కింది.

"కాన్పుకు పెరుగెందుకమ్మా?" అని నాన్న విసుక్కున్నాడు.

"ఉండనీరా, పనికొస్తది."

ఆసుపత్రిలో నర్సమ్మ పొట్ట తడిమింది, గొట్టం పెట్టి బిడ్డ గుండె విన్నది. "అంతా బాగానే ఉంది, పొట్ట గట్టిపడటంలేదు. మరి ఈ పిల్ల ఎందుకిట్టా మెలికలు తిరుగుతోంది?" అంది. డాక్టరుగారు వరండాలోకి వెళ్లి నాన్నతో అంటున్నారు, "ఏందో తేలకుండా ఇక్కడ ఉంచలేం. నరసరావుపేట తీసుకెళ్లండి, ఆపరేషన్ పడొచ్చు."

"పొట్ట కోస్తారా సార్? నా బిడ్డకేం కాదుగా?"

ఊళ్లో పంచాయితీలు చెప్పే మనిషి, తలుపు సందులోంచి చూస్తే కండువాతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. అప్పుడు చచ్చింది నా సిగ్గు. నర్సమ్మ చెయ్యి పట్టి లాగి, చెవిలో అంతా చెప్పేశాను.

ఆమె నా వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వరసపెట్టి తుమ్మింది.

"చేతులు కడుక్కోమన్నానా లేదా?"

"కడుక్కున్నానండీ."

"దేంతో?"

"నీళ్లతో."

"పల్నాటిదానివి, నీళ్లకు కారం పోదని నేను చెప్పాల్నా? మిరపకాయ ముట్టుకున్న రోజు ఈ పనే పెట్టుకోమాక."

"నా బిడ్డకేమన్నా..."

"బిడ్డకేం? హాయిగా ఉంది. ఈ మంట నీకొక్కదానికే."

మంట మంటలాగే ఉంది గానీ, గుండెల మీంచి టిక్కీ దించినట్టయింది. నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. నర్సమ్మ బయటికి వెళ్లి, "దొంగనొప్పులు, ఆపరేషనూ లేదు ఏమీ లేదు" అంది. నాన్న అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు. "దొంగవైతేనేం, పోయినయ్ గా తల్లీ" అన్నాడు.

"చల్లటి పెరుగు అద్దుకో, తగ్గుద్ది" అని నా చెవిలో చెప్పింది నర్సమ్మ. ఇప్పటికిప్పుడు పెరుగెక్కడిది అనుకుంటూ తలెత్తితే, గుమ్మంలో నాయనమ్మ. కొంగు చాటు నుంచి గిన్నె తీసి నా చేతిలో పెట్టింది.

తర్వాత నెల తిరక్కుండానే మీ అమ్మ ఒక్క కుట్టు కూడా పడకుండా పుట్టింది. "నూనె పని చేసిందమ్మాయ్, ఆ గొప్ప కారానికి ఇయ్యమాక" అంది నర్సమ్మ. ఆ కొబ్బరినూనె సీసా మీద చెయ్యి వేసి ఆరోజే ఒట్టు పెట్టుకున్నాను, ఈ జన్మలో మిరపకాయ ముట్టిన చేత్తో ఏ సీసా మూతా తీయనని. ఇప్పుడు తలకు నూనె పెట్టుకోవాలన్నా ముందు వేళ్లు వాసన చూసుకుంటాను.

ఆరోజు ట్రాక్టరు మీద ఇంటికొస్తూ అడిగాను, "నాయనమ్మా, నేను నోరు తెరవకముందే పెరుగు తెచ్చావు, నీకెట్టా తెలిసింది?"

ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. "ఏందే, ఈ ట్రాక్టరు చప్పుడుకు ఇనపడటంలా."

ఇంటికొచ్చి, మంచం మీద పక్కనే కూర్చుని మళ్లీ అడిగాను. అక్కడ ట్రాక్టరు లేదు. అయినా ఆమెకు వినపడలేదు, తలకు నూనె పెట్టుకోబోతూ తన వేళ్లు మాత్రం ఓసారి వాసన చూసుకుంది.