ఖాళీ కుర్చీలో అక్క

దెయ్యాలంటే నాకు నవ్వు. పదేళ్లుగా మంచాన పడ్డ ముసలివాళ్లకు సేవ చేస్తున్నాను. భయస్తురాలినైతే ఈ పనిలో నాలుగు రోజులు కూడా ఉండేదాన్ని కాదు.

చిత్తూరులో మామిడి మండీ నడిపిన ఒక పెద్దాయన దగ్గర కుదిరాను. మతిమరుపు జబ్బు ముదిరింది. ఒకప్పుడు ఆడవాళ్ల ముందు తలెత్తని మనిషట. ఇప్పుడు ఎవరున్నా పంచె విప్పేస్తాడు, అన్నం పెట్టబోయిన కోడలి చెయ్యి పట్టుకుని అనరాని మాటలంటాడు. అది జబ్బు, బుద్ధి కాదని చెప్పీ చెప్పీ నా నోరు నొచ్చింది. నేను తిట్టకుండా పంచె కట్టి, ఒలవమని వేరుశనక్కాయలు చేతికిచ్చేదాన్ని. ఒక్కోసారి అదీ పనిచేసేది కాదు. ఇంకొక్కసారి ఇలా జరిగితే గదిలో పెట్టి తాళం వేస్తానని కొడుకు తేల్చి చెప్పాడు.

అయితే రోజూ పదకొండు గంటలప్పుడు ఆయన ఎదుటి ఖాళీ కుర్చీ వైపు చూసి ఉలిక్కిపడేవాడు. తువ్వాలు మోకాళ్ల మీద కప్పుకుని, చేతులు కట్టుకుని, “అక్క వచ్చిండాది” అనేవాడు. ఆయనకు అక్కలే లేరని కొడుకు చెప్పాడు.

నాకు అదే ఉపాయమైంది. పంచె మీద చెయ్యి పడగానే అక్క వస్తోందనేదాన్ని. వెంటనే సర్దుకునేవాడు. నెల రోజులు తాళం మాటే రాలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒక మధ్యాహ్నం అలాగే అన్నాను. ఆయన సర్దుకోలేదు. నా కళ్లలోకి చూసి, ఏ జబ్బూ లేని మనిషిలా నిదానంగా చెప్పాడు.

“ఊరికే ఎందుకు పిలస్తావు పాపా? అక్క ఈడ లేదు. మీ నాయన కాడికి పోయింది.”

మా నాయన మాట ఆ ఇంట్లో నేనెప్పుడూ ఎత్తలేదు. ఉన్నపళంగా బయల్దేరాను. బస్సెక్కి పుత్తూరు చేరేసరికి నాలుగైంది. నాయన అప్పటికి నిక్షేపంగా ఉన్న మనిషి. వరండాలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మోకాళ్ల మీద తువ్వాలు. ఎదురుగా ఖాళీ కుర్చీ. ఎవరికోసమని అడిగాను.

“మెల్లిగా మాట్లాడు మా. అక్క వచ్చిండాది.”

మా నాయన తొలిచూలు బిడ్డ. ఆయనకు అక్క ఎక్కడిది?

నేను ఆ ఇంట్లో పని మానేశాను. పెద్దాయన మళ్లీ ఆ కుర్చీ వైపు చూడలేదట. గదికి తాళం పడింది. ఏడాది తిరక్కుండా నాయనకూ అదే జబ్బన్నారు డాక్టర్లు. అప్పటికే మొదలైందేమో, నేనే గమనించలేదేమో. కానీ ఆ మాట, ఆ తువ్వాలు ఆయనకెలా వచ్చాయో ఈనాటికీ నాకు అంతుబట్టదు.

ఇప్పుడు నాయన పంచె రోజుకు పదిసార్లు కడుతున్నాను. పక్కింటి ఆడవాళ్లు మా గడప తొక్కడం మానేశారు, నాకు ఏడుపొస్తుంది. అక్క పేరెత్తితే చాలు, సర్దుకుంటాడని తెలుసు. ఆ మాట నాలుక చివరిదాకా వస్తుంది. ఊరికే పిలిస్తే అక్క మళ్లీ చోటు మారుతుందేమోనని మింగేసి వేరుశనక్కాయలు చేతిలో పెడతాను. ఈ ఇంట్లో నాయన కాక ఉన్నది నేనొక్కదాన్నే.