గీత పైనే ఉన్న రోజు

మాది నర్సీపట్నం. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. మా తమ్ముడు తప్పెటగుళ్లు ఆడతాడు. రేకు తప్పెట గుండెకు కట్టుకుని, గజ్జెలతో ఎగిరి ఆడే ఆట అది. వాడికి బైపోలార్ జబ్బు. కొన్నాళ్లు పట్టలేని హుషారు, కొన్నాళ్లు మంచం దిగడు. రోజూ మనసెలా ఉందో, హుషారైతే పైన, దిగులైతే కింద చుక్క పెట్టి గీతతో కలపమని వాడికి గ్రాఫ్ కాగితాలిచ్చాను. మూడు రోజులు వరసగా గీత పైనే ఉంటే వెంటనే తీసుకురమ్మన్నారు డాక్టరుగారు.

కిందటేడు మాకవరపాలెం దగ్గర ఓ ఊరి పండగలో వాడి ఆట. అప్పటికి నాలుగు రోజులుగా గీత పైనే ఉంది. "ఈ ఒక్కాటా ఆడనీయక్కా, రేపెల్దాం ఆస్పత్రికి" అన్నాడు. సరేనన్నాను.

అంత బాగా వాడెప్పుడూ ఆడలేదు. జట్టంతా అలసి ఆగిపోయినా వాడు ఆగలేదు. జనం ఈలలు వేశారు. నేనూ లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. వాడు ఆడుతూనే నా దగ్గరికొచ్చి, "నా కాళ్లు ఆగడం నేదక్కా, నువ్వే ఆపు" అన్నాడు మెల్లగా.

గట్టిగా పట్టుకున్నాను. తప్పెట అంచు నాకు గుచ్చుకుంటోంది, వాడి గజ్జెలు మోగుతూనే ఉన్నాయి. అదీ ఆటే అనుకుని జనం ఇంకా ఈలలేశారు.

తర్వాత నాలుగు నెలలు వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇప్పుడు కోలుకున్నాడు గానీ తప్పెట ముట్టడు.

మొన్న పాత కాగితాలు తీస్తే, ఆ రోజు చుక్క పక్కన వాడి రాత కనిపించింది: "అక్క చప్పట్లు కొట్టింది."

మురిసిపోయి రాసుకున్నాడు. నేను ఆ మాట రెండోసారి చదవలేకపోయాను.