రంగు వేయని కంత

మొగుడు ఎజ్రా పోయిన రెండో వేసవికి ఆల్తియా మంచం ఒకవైపుకు కుంగింది. మంచానిదేం తప్పు లేదు. కింద నేలకు పరిచిన చెక్క పలకలు మెత్తబడ్డాయి.

ఉప్పుటేరు పక్కన ఇటుక దిమ్మెల మీద నిలబెట్టిన ఇల్లు అది. ఇంటికీ నేలకీ నడుమ మనిషి పాకేంత జాగా, దాని చుట్టూ గోడకు ఇనప తలుపులున్న గాలికంతలు. ఈస్టర్ ముందు శనివారం వాటిని తెరవడం, చలి మొదలవగానే మూయడం ఎజ్రా పని. "ఇల్లు కూడా ఊపిరి తీసుకోవాలిగా" అనేవాడు. అతని తండ్రీ అదే అనేవాడట. చచ్చినవాళ్ళు అలవాట్లు వదిలిపోతారు, బతికున్నవాళ్ళు అవి కుళ్ళేదాకా మోస్తారు.

ఆల్తియా కూడా తప్పకుండా తెరిచింది. దయ్యాలు దూరకుండా కంతల చుట్టూ నీలిరంగు పూసింది. పడకగది కింది కంతకు మాత్రం పూయలేదు. మరి ఎజ్రా ఎటునుంచి వస్తాడు?

వచ్చేవాడు. ఎండ ముదిరిన మధ్యాహ్నాల్లో నేల కింద ఠక్కు ఠక్కుమనేవాడు. ఇంటి అడుగున పనిచేసి వచ్చినప్పుడు అతని చొక్కాకుండే తడిమట్టి వాసన గదంతా నిండేది. ఆమె పొయ్యి ఆర్పి, చెప్పులు విడిచి, ఆ పలకల మీద నిలబడేది.

మరిది లెమ్యుయెల్ కిందికి దూరి చూసి, ఒంటినిండా బురదతో బయటికొచ్చాడు.

"వదినా, ఇంకో వేసవి ఇలాగే తెరిచుంచావంటే మంచంతో సహా అన్నయ్య దగ్గరికే దిగుతావ్."

"దిగితే నీకేం నొప్పి? ముందు మూతి కడుక్కో."

"నీ చేతిలో ఐస్ టీ గ్లాసు చూడు. పైనంతా చెమట. గాల్లోంచే కదా వచ్చింది? అన్నయ్య జబ్బుపడ్డ ఏడాది ఇంటి కింద పెట్టించిన ఏసీ గొట్టం సంగతీ అంతే. నాన్న రోజుల్లో కంతలు తెరిస్తే అడుగు ఆరేది. ఇప్పుడు బయటి వేడిగాలి వచ్చి ఆ చల్లటి గొట్టం మీద నీళ్ళవుతోంది."

"మరి ఆ చప్పుడు?"

లెమ్యుయెల్ తలొంచుకున్నాడు. "అన్నయ్య రంగు డబ్బా ఒకటి బోర్లించి వదిలేశాడు. నీళ్ళు దానిమీద పడుతున్నాయి. తీసుకురానా?"

"ముట్టుకున్నావంటే చేతులు విరిచేస్తా."

ఆమె లోపలికి వెళ్ళి పలకల మీద నిలబడింది. మడమ పుట్టగొడుగులో దిగినట్టు దిగింది. చాలాసేపటికి కిటికీలోంచి, "సరే, మూసెయ్" అంది.

అతను నేలంతా దళసరి ప్లాస్టిక్ పరిచాడు. తేమ లాగే మిషను పెట్టాడు, కుళ్ళిన పలకలు మార్చాడు, కంతలు మూశాడు. రంగు వేయని ఆఖరుదాని దగ్గరికి ఆమే వెళ్ళి చీకట్లోకి వంగింది.

"నిన్ను కాదు ఎజ్రా, ఆపేది తడిని" అని తలుపు వేసింది.

మంచం తిన్నగా నిలబడింది. వాసన పోయింది. మధ్యాహ్నం ఆమె చెప్పులు విడిచి నిలబడితే అరికాళ్ళ కింద పొడి చెక్క, దాని కింద ఏమీ లేదు.

"నీలిరంగు మిగిలింది వదినా. ఆ ఒక్కదానికీ పూసేయనా?"

"తలుపు వేశాను చాలదా?" అంది ఆల్తియా. "రంగు కూడా వెయ్యాలా?"